కుక్కపిల్లకూ ఒక బడి వయసు ఉంది

ఇంటి పాఠం: జీవశాస్త్రం. 3వ తరగతి నుంచి 9వ తరగతి వరకు పిల్లలు తల్లిదండ్రులతో కలిసి చదవాల్సిన పేజీ.



కార్తీక మాసం ఊరకుక్కలు జతకట్టే కాలమని మన ఊళ్లలో అందరికీ తెలుసు. కుక్కకు గర్భకాలం సుమారు 63 రోజులు. అందుకే సంక్రాంతికి అటూ ఇటూగా గడ్డివాము కింద, గోడ వారన, ఆగి ఉన్న లారీ నీడలో కుక్కపిల్లలు కనిపిస్తుంటాయి. సెలవుల్లో ఉన్న పిల్లలు వాటిలో ఒకదాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికి తెస్తారు. "పెంచుకుందాం అమ్మా" అంటారు. నౌపడ, టెక్కలి, సంతబొమ్మాళి వైపు ఏటా చాలా ఇళ్లలో జరిగేదే ఇది. కొందరు విశాఖపట్నం నుంచి లాబ్రడార్ పిల్లనో, పామరేనియన్ పిల్లనో కొని తెస్తారు.

సరే అనాలా, వద్దనాలా అన్నది మీ ఇంటి నిర్ణయం. సరే అన్నాక మొదటి రెండు నెలల్లో ఏం చేయాలన్నది మాత్రం అందరూ తెలుసుకోవాల్సిన విషయం. ఆ రెండు నెలల్లో జరిగినదాన్ని బట్టే ఆ కుక్క రేపు మీ ఇంటికొచ్చే పిల్లల మధ్య నిశ్చింతగా పడుకుంటుందా, వాళ్లను కరుస్తుందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

3 నుంచి 14 వారాలు: తెరిచి ఉండే తలుపు

పుట్టినప్పుడు కుక్కపిల్లకు చూపు ఉండదు, వినపడదు. రెండు వారాలకు కళ్లు తెరుచుకుంటాయి, మూడో వారానికి చెవులు పనిచేస్తాయి. అక్కడి నుంచి సుమారు 12 నుంచి 14 వారాల వయసు వరకు దాని మెదడు ఒక ముఖ్యమైన పని చేస్తుంది. లోకంలో ఏది మామూలు, ఏది ప్రమాదం అని పట్టిక రాసుకుంటుంది. ఈ కాలంలో హాయిగా పరిచయమైనవన్నీ మామూలు పట్టికలో చేరతాయి. పరిచయం కానివి తర్వాత ఎదురైతే భయం పట్టికలోకి వెళ్లే అవకాశం ఎక్కువ.

దీన్నే సోషలైజేషన్ అంటారు. మన మచ్చిక అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది. అయితే యజమానికి మచ్చికైతే సరిపోదు, లోకానికి మచ్చిక కావాలి.

దీన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ముఖ్యులు. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాలలో ఐదు జాతుల కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసి, 1965లో ఆ ఫలితాలను పుస్తకంగా తెచ్చారు. అదే ప్రయోగశాలలో జరిగి 1961లో వెలువడిన మరో పరిశోధనలో కుక్కపిల్లలను మనిషి కంటపడకుండా ఎత్తైన కంచె ఉన్న పొలంలో తల్లితో పెరగనిచ్చారు. కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడులో, ఐదులో, ఏడులో, తొమ్మిదిలో తెచ్చి వారం రోజులు మనుషుల మధ్య ఉంచారు. కొన్నిటికి 14 వారాల వరకు ఆ పరిచయం ఇవ్వలేదు. ఐదు నుంచి తొమ్మిది వారాల మధ్య మనిషిని ఎరిగినవి బాగా కలిసిపోయాయి. 14 వారాలు ఎరగనివి ఆ తర్వాత ఎంత బుజ్జగించినా అడవి జంతువుల్లాగే బెదిరాయి. తిండికి, నీటికి ఏ లోటూ లేదు. లోటు పరిచయానికే.

పశువుల కాపరులకు ఇది చాలాకాలంగా తెలిసిన సంగతే. బీగిల్ ఓడ యాత్రలో చార్లెస్ డార్విన్ 1833లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే ప్రాంతంలో గొర్రెల మందకు కాపలా ఉండే కుక్కలను చూశాడు. అక్కడి కాపరులు కుక్కపిల్లను పసితనంలోనే తల్లి నుంచి వేరుచేసి, గొర్రెపాలు తాగించి, గొర్రెల దొడ్డిలోనే ఉన్ని పరుపు మీద పెంచుతారని రాశాడు. అలా పెరిగిన కుక్క ఆ మందనే తనవాళ్లుగా భావించి కాపాడేది. ఏ వయసులో ఎవరి మధ్య పెరిగితే వాళ్లే తనవాళ్లన్నమాట.

కాపలా కుక్కకు మచ్చిక ఎందుకు?

మన దగ్గర చాలామంది అడిగే ప్రశ్న ఇది. "అందరికీ అలవాటు చేస్తే దొంగను కూడా తోకాడిస్తూ పిలుస్తుంది కదా" అంటారు. అందుకే పిల్లగా ఉన్నప్పుడే మేడ మీద గొలుసు వేసి కట్టేస్తారు. ఇంటివాళ్లు తప్ప మరో ముఖం చూడనివ్వరు.

అలా పెరిగిన కుక్కకు ధైర్యం రాదు, భయం వస్తుంది. భయపడ్డ కుక్కకు మూడే దారులు: పారిపోవడం, బిగుసుకుపోవడం, తిరగబడడం. గొలుసుతో కట్టేస్తే మొదటి దారి మూసుకుపోయినట్టే. ఇక మిగిలేది కాటు. దొంగకూ, పండక్కి వచ్చిన మేనత్త కొడుకుకూ దానికి తేడా తెలియదు. గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చినవాడు, కర్ర పట్టుకున్న తాతగారు, పరిగెత్తుతూ వచ్చే నాలుగేళ్ల పాప, అందరూ దాని దృష్టిలో ఒకటే. వీళ్లలో పాపకే ముప్పు ఎక్కువ. ఆమె ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది.

పద్ధతిగా మచ్చికైన కుక్క రాత్రివేళ కొత్త అలికిడికి మొరుగుతూనే ఉంటుంది. తన ఇల్లు, తన వాకిలి అన్న ఎరుక దానికి సహజం. కాకపోతే మామూలేదో, కానిదేదో పోల్చుకోగలుగుతుంది. నిజమైన కాపలాకు కావలసింది ఆ పోల్చుకునే శక్తే.

టీకా ముందా, లోకం ముందా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కుక్కపిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా వేస్తారు. పార్వో, డిస్టెంపర్ వంటి ప్రాణాంతక వ్యాధుల నుంచి రక్షణకు మూడు నాలుగు వారాల ఎడంతో బూస్టర్లు వేస్తూ 16 వారాల వరకు కొనసాగిస్తారు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో మొదలవుతుంది. "టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటించొద్దు" అన్న సలహా అందుకే వచ్చింది. కానీ అప్పటికి 16 వారాలు నిండుతాయి. మచ్చిక వయసు గడిచిపోతుంది.

జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం దీనికి మధ్యేమార్గం సూచించింది. మొదటి విడత టీకా, నులిపురుగుల మందు అయి కనీసం 7 రోజులు గడిస్తే, 7 - 8 వారాల పిల్లను కూడా శుభ్రమైన చోట్ల జాగ్రత్తగా బయటి లోకానికి పరిచయం చేయవచ్చు. మన ఊళ్లో దాన్ని ఇలా పాటించవచ్చు:

• చేతుల్లో గానీ, గుడ్డ పరిచిన బుట్టలో గానీ పెట్టుకుని తిప్పండి. నేల మీద దించకుండానే చూపిస్తే చాలు. కళ్లు, చెవులు, ముక్కు పనిచేస్తే పాఠం సాగుతున్నట్టే.

• ఊరకుక్కలు తిరిగే చోట, కుక్కల మలం ఉండే చోట దించవద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది.

• టీకాలు వేయించిన కుక్క ఉన్న బంధువుల ఇంటికి తీసుకెళ్లండి. పెద్ద కుక్క దగ్గర అది చాలా మర్యాదలు నేర్చుకుంటుంది.

• మీ దగ్గరలోని పశువుల ఆసుపత్రికి సూది లేని రోజు కూడా ఒకసారి తీసుకెళ్లి, బల్ల మీద నిలబెట్టి, ఒక బిస్కెట్ ముక్క పెట్టి తీసుకొచ్చేయండి. ఆసుపత్రి అంటే నొప్పే కాదని దానికి తెలియాలి.

ఇంకో మాట. కుక్కపిల్లను తల్లి నుంచి మరీ తొందరగా వేరు చేయవద్దు. ఆట మధ్యలో గట్టిగా కొరికితే తోబుట్టువు కుయ్యిమని ఆట మానేస్తుంది. పంటిని ఎంత అదుపులో పెట్టుకోవాలో పిల్ల అలాగే నేర్చుకుంటుంది. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు కూడా చెబుతున్నాయి. వీధి పిల్లల విషయంలోనూ ఇదే మంచిది. అయితే తల్లికుక్క పిల్లల దగ్గర కాపలా ఉన్నప్పుడు చిన్నారులను అటు వెళ్లనివ్వకండి.

నౌపడ కుక్కపిల్ల చూడాల్సిన లోకం

పుస్తకాల్లో ఉండే జాబితాలు పెద్ద నగరాలవి. లిఫ్టు, ఎస్కలేటర్ మన పిల్లకు ఇప్పుడే అవసరం లేదు. అది బతకబోయే ఊరేదో ఆ ఊరినే చూపించాలి.

*శబ్దాలు:* హౌరా - చెన్నై మార్గంలో మన జంక్షన్ గుండా రాత్రీ పగలూ రైళ్లు నడుస్తాయి. గుణుపూర్ వైపు వెళ్లే బండి కూత, గూడ్స్ బండి పట్టాల మోత, లారీ హారన్, మిక్సీ, ప్రెషర్ కుక్కర్ విజిల్, శ్రీరామనవమి పందిట్లో మైకు, గ్రామదేవత సంబరంలో డప్పులు. ఉరుమును, దీపావళి టపాసుల మోతను ఫోన్‌లో చాలా తక్కువ శబ్దంతో వినిపించి, రోజురోజుకూ కొంచెం పెంచవచ్చు. తుపానులు వచ్చే తీరం మనది. ఉరుముకు గొలుసు తెంపుకుని పారిపోయే కుక్క ఆ రాత్రి దక్కకపోవచ్చు.

*మనుషులు:* గడ్డం ఉన్నవారు, హెల్మెట్ పెట్టుకున్నవారు, గొడుగు వేసుకున్నవారు, చేతికర్రతో నడిచే అవ్వ, తలమీద గంప పెట్టుకుని ఉప్పు మడుల నుంచి వచ్చే కూలీలు, వల భుజాన వేసుకున్న మత్స్యకారులు, యూనిఫాంలో గుంపుగా నడిచే పిల్లలు, పాకే పాప.

*జంతువులు:* ఆవు, గేదె, మేక, కోడి, పిల్లి. వీటిని వెంటాడకుండా చూసి ఊరుకోవడం నేర్పాలి. మన దగ్గర దీనికి ఇంకో కారణం ఉంది. తేలినీలాపురంలో ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఊరి చెట్లమీద గూళ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. నౌపడ చిత్తడి నేలల్లోనూ, ఉప్పు మడుల్లోనూ మేత కోసం దిగుతాయి. పక్షిని చూస్తే పరిగెత్తే కుక్క ఇంటికే కాదు, ఊరికీ నష్టమే. మడుల వైపు తీసుకెళ్తే బెల్టు, తాడు తప్పనిసరి. అక్కడి ఉప్పునీళ్లు తాగనివ్వకండి, మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోండి.

*స్పర్శ:* చెవులు చూడడం, పళ్లు చూడడం, పాదం పట్టుకోవడం, గోళ్లు తాకడం, తువ్వాలుతో తుడవడం. రేపు ముల్లు గుచ్చుకున్నప్పుడు తీయనిస్తుందా లేదా అన్నది ఈ రోజు పట్టుకోవడాన్ని బట్టి ఉంటుంది.

పరిచయం అంటే తోసేయడం కాదు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. రైలంటే భయం పోవాలని పిల్లను ప్లాట్‌ఫాం మీద నిలబెడితే భయం పోదు, పాతుకుపోతుంది. ఎల్‌కేజీలో చేరిన మొదటి రోజు ఏడ్చే పిల్లాణ్ని గదిలోకి నెట్టి గడియ పెట్టం కదా. గేటు దగ్గర కాసేపు నిలబడి, టీచర్‌ను చూపించి, బొమ్మ చేతికిచ్చి, మొదటి వారం తొందరగా ఇంటికి తీసుకొస్తాం. ఇదీ అంతే. నాలుగు సూత్రాలు గుర్తుంచుకుంటే చాలు.

1. దూరం. రైలును మొదట వినిపించీ వినిపించనంత దూరం నుంచి చూపించండి. పిల్ల నిశ్చింతగా ఉంటేనే మర్నాడు పది అడుగులు దగ్గరకు వెళ్లండి.

2. తీపి గుర్తు. రైలు కూత, వెంటనే ఒక చిన్న ముక్క కోడిగుడ్డు. డప్పు మోత, వెంటనే ఒక ముక్క. శబ్దమే తిండికి పిలుపులా మారుతుంది.

3. పిల్ల ఇష్టం. కొత్త మనిషి దగ్గరకు అది తనంతట తాను వెళ్లాలి. అందరి చేతులూ మారుస్తూ తిప్పవద్దు. వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి.

4. కొద్దిసేపు. రోజుకు పది నిమిషాలు, ఒకటి రెండు కొత్త విషయాలు. మిగతా సమయం నిద్రకు. చిన్న పిల్లలు రోజులో ఎక్కువ భాగం నిద్రపోతాయి, నిద్రపోనివ్వాలి.

తోక కాళ్ల మధ్య ముడవడం, చెవులు వెనక్కి వాల్చడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ఊరికే పెదాలు నాకడం, ముఖం తిప్పేసుకోవడం, ఇవన్నీ "నాకిది చాలు" అని చెప్పడమే. గుర్రుమనడం దాని తర్వాతి మెట్టు. గుర్రుమంటే కొట్టవద్దు. కొడితే భయం తగ్గదు, హెచ్చరిక మాత్రం ఆగిపోతుంది. ఆ తర్వాత కాటు చెప్పకుండా పడుతుంది.

మన పిల్లలకు నేర్పాల్సినవి

మచ్చిక రెండు వైపులా జరగాలి. ఈ నియమాలు కాగితం మీద రాసి గోడకు అంటించండి:

• తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్కను కదపను.

• మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకోను, ముఖంలో ముఖం పెట్టను. మనకది ముద్దు, కుక్కకు బెదిరింపు.

• తోక, చెవులు లాగను. రాయి విసరను.

• వీధి కుక్క దగ్గరకొస్తే పరిగెత్తను. చేతులు దగ్గర పెట్టుకుని చెట్టులా నిలబడతాను, దాని కళ్లలోకి సూటిగా చూడను.

• ఏ కుక్క పన్ను తగిలినా, గోరు గీరినా, తిడతారేమోనని దాచను. వెంటనే ఇంట్లో చెబుతాను.

చివరి నియమం అన్నిటికంటే ముఖ్యం. అది పనిచేయాలంటే చెప్పిన పిల్లను మీరు తిట్టకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. సకాలంలో టీకా వేస్తే దాన్ని పూర్తిగా అడ్డుకోవచ్చు. 1885 జులై 6న లూయీ పాశ్చర్ టీకా వేయించిన జోసెఫ్ మైస్టర్ కూడా తొమ్మిదేళ్ల బడి పిల్లాడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, రేబిస్ అనుమానమున్న జంతువు కాటుకు గురయ్యేవారిలో సుమారు 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలే.

కాటు పడితే: గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకాలు 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. రక్తం కారే గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. "చిన్న కుక్కపిల్లే కదా" అని ఊరుకోవద్దు, కుక్కపిల్లకు కూడా రేబిస్ ఉండవచ్చు. కుక్కను పది రోజులు గమనిద్దామని టీకా ఆపవద్దు. నొప్పి తగ్గిందని మధ్యలో మానవద్దు.

వయసు దాటిపోయిందా?

మీ ఇంట్లో ఇప్పటికే ఏడాది కుక్క ఉండి, మనుషులను చూసి బెదిరితే ఆశ వదులుకోనక్కర్లేదు. దూరం, తీపి గుర్తు, ఓపిక అనే పద్ధతే దానికీ పనిచేస్తుంది. అయితే వారాల్లో అయ్యేది నెలలు పడుతుంది. కొన్ని భయాలు పూర్తిగా పోకపోవచ్చు కూడా. అలాంటి కుక్కను బంధువుల పిల్లల మధ్యకు తేవద్దు. పశువైద్యుడి సలహా తీసుకోండి.

వీధి జాతి పిల్ల అని తక్కువగా చూడవద్దు. మన ఎండకు, మన తిండికి తట్టుకునే ఒళ్లు దానిది. మనిషి వేలితో చూపిన దిక్కును మన దేశపు ఊరకుక్కలు ఏ శిక్షణ లేకుండానే అర్థం చేసుకోగలవని కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం చేసిన పరిశోధన తేల్చింది.

తెచ్చే ముందు ఒక లెక్క

డిసెంబరు చివర పుట్టిన పిల్లకు ఫిబ్రవరి చివరికి 8 వారాలు. ఏప్రిల్ మొదటికి 14 వారాలు. అంటే మచ్చిక చేయాల్సిన ఆరు వారాలూ సరిగ్గా మన వార్షిక పరీక్షల కాలం. పిల్లలొక్కరి మీదే వదిలేస్తే అటు చదువూ సాగదు, ఇటు కుక్కపిల్లా ఎదగదు. ఉదయం పది నిమిషాలు నాన్న, సాయంత్రం పది నిమిషాలు అమ్మ లేదా తాతయ్య, చదువు మధ్య విరామంలో పిల్లలు అని ముందే పంచుకోండి. పంచుకోలేకపోతే ఈ ఏడాదికి వద్దని చెప్పడమే ఆ పిల్లకు చేసే మేలు.

ఇంకో లెక్క. కుక్క సాధారణంగా 10 నుంచి 13 ఏళ్లు బతుకుతుంది. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న మీ అబ్బాయి ఐదేళ్లలో ఇంటర్ కోసం విశాఖలోనో, విజయవాడలోనో హాస్టల్‌కు వెళ్లవచ్చు. ఆ తర్వాత ఆ కుక్కకు అన్నం పెట్టేది, టీకా వేయించేది, ముసలితనంలో చూసేది మీరే. "నీ కుక్కను నువ్వే చూసుకోవాలి" అన్న షరతు మీద తేవద్దు. "మన ఇంటి కుక్క" అని అందరూ ఒప్పుకుంటేనే తెండి.

ఈ నెల కృత్యం

కుక్కపిల్ల ఉన్న ఇళ్లలో: ఒక నోటుపుస్తకంలో తేదీ, వయసు (వారాల్లో), కొత్తగా చూసినది, ఎంత దూరం నుంచి, పిల్ల ఎలా ఉంది అనే ఐదు గడులు గీసి నాలుగు వారాలు నింపండి. పిల్లలు రాయాలి, పెద్దలు పక్కన సంతకం పెట్టాలి.

కుక్కపిల్ల లేని ఇళ్లలో: మీ వీధిలోని ఒక కుక్కను కిటికీలోంచి లేదా మేడ మీద నుంచి మూడు రోజులు గమనించండి. తోక, చెవులు, నిలబడే తీరు ఎప్పుడెప్పుడు మారాయో రాయండి.

రాత్రి భోజనాల దగ్గర పిల్లలను అడగాల్సిన ప్రశ్నలు:

1. 14 వారాలు మనుషులను చూడని కుక్కపిల్లలు తర్వాత ఎందుకు మచ్చిక కాలేదు?

2. గుర్రుమన్న కుక్కను కొడితే ప్రమాదం ఎందుకు పెరుగుతుంది?

3. కుక్క గోరు గీరుకుంటే మొదట ఏం చేస్తావు? ఆ తర్వాత ఎవరికి చెబుతావు?

మూడో ప్రశ్నకు జవాబు తడుముకోకుండా రావాలి. రాకపోతే ఈ పేజీని మరోసారి కలిసి చదవండి.